పేదరికం అద్దెకు ఇవ్వబడును

ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి ఇంగ్లండ్‌కు ఒక జ్వరం తగులుకుంటుంది. మే సగం దాటితే గాని దిగదు. రోగిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఏళ్ల తరబడి గోడ పంచుకుంటున్న పక్కింటాయన పేరేమిటో తెలియని మనిషి ఉన్నట్టుండి "పల్లె", "నేల", "మన అడవి" అంటూ పలవరిస్తాడు. మే మొదటి సోమవారం సెలవు కలిసొచ్చే ఆ మూడు రోజులకు కాటేజీ దొరకలేదంటే చావు కబురు విన్నట్టు కూలబడతాడు. దొరికిందా, ఆకుపచ్చ రబ్బరు బూట్లు కొంటాడు, మైనం పూసిన కోటు కొంటాడు, ఆ రెంటికీ అంటుకున్న బురద కారుకు అంటకుండా డిక్కీలో పరిచే పట్టా కూడా కొంటాడు. బురదలోకి దిగడానికి ఇంత పెట్టుబడి పెట్టే రైతును నేను మాత్రం మా వైపు చూడలేదు.

జ్వరానికి కారణం ఒక పువ్వు. బ్లూబెల్. జానెడు కాడ, ఒక పక్కకు వాలిన తల, ఊదాకు దగ్గరగా ఉండే నీలం. ఒక్కదాన్ని చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. ఓక్, బీచ్ చెట్ల కింద కనుచూపు మేర లక్షలుగా పూసినప్పుడు మాత్రం, ఒప్పుకోవాలి, వ్యంగ్యం రాసుకుని బతికేవాడి నోరు కూడా కాసేపు మూతపడుతుంది. పైన చెట్లు ఆకులు తొడిగి వెలుతురును కమ్మేసేలోపలే దానికి అన్ని పనులూ అయిపోవాలి. ఎదగాలి, పూయాలి, విత్తనం పెట్టాలి, వచ్చే ఏడాదికి గడ్డలో తిండి దాచుకోవాలి. ప్రపంచంలో ఉన్న ఈ పువ్వుల్లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయని లెక్క చెబుతారు. పువ్వు మీద నాకే కక్షా లేదు. దాన్ని గుమ్మానికి తోరణంగా కట్టి, లోపల నడుపుతున్న దుకాణం మీదే.

ఆ దుకాణంలో అమ్మే సరుకు నిరాడంబరత. ధరలో మాత్రం ఆ గుణం కనపడదు. ప్రకటన చదవండి. రెండు వందల ఏళ్ల నాటి రాతి ఇల్లు, పైన గడ్డి కప్పు, చేత్తో చెక్కిన దూలాలు, కట్టెల పొయ్యి, గేటు తీస్తే నీలిపూల అడవి. ఫోనుకు సిగ్నల్ అందదు. అది లోపం కాదట, మనశ్శాంతి. కిటికీ సరిగా మూసుకోదు. అది పాతకాలపు సొగసు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, అది చరిత్ర. అటక దూలం ఠంగున తలకు తగులుతుంది. అదీ చరిత్రే, కాకపోతే మన నుదుట రాసింది. ఇంత చరిత్ర తట్టుకోవడం కష్టం కాబట్టి పెరట్లో ఎనిమిదిమంది పట్టే హాట్ టబ్బు. ఆ ఇంట్లో అసలు కాపురమున్నవాళ్లు వారానికోసారి, ఒకే రేకు తొట్టిలో, అవే నీళ్లలో, ఇంటిల్లిపాదీ వంతులవారీగా స్నానం చేసేవాళ్లు. ఇప్పుడు వంతులు కూడా లేకుండా ఎనిమిదిమందీ ఒకేసారి అవే నీళ్లలో కూర్చుని అందుకు డబ్బు కడుతున్నారు.

ఇంతకీ అసలు కాపురమున్నది ఎవరు? కవి కాదు, చిత్రకారుడు కాదు. పొలం కూలీ. కింద ఒక గది, పైన ఒక గది, గోడల నిండా చెమ్మ, గదికి సరిపోనంత సంతానం. ఆ కూలీకి ఒకప్పుడు ఊరి ఉమ్మడి భూమి అండగా ఉండేది. ఆవును మేపుకునేవాడు, బాతులను తోలుకెళ్లేవాడు, చలికాలానికి పుల్లలు ఏరుకునేవాడు. పార్లమెంటులో కూర్చున్న భూస్వాములకు అది చూడబుద్ధి కాలేదు. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు చేసి 68 లక్షల ఎకరాలకు కంచె బిగించారు. అంటే ఇంగ్లండ్ నేలలో అయిదో వంతు. కబ్జా అన్న మాట మనం ఊరికే వాడేస్తుంటాం గాని, ఊరూరికీ విడివిడిగా బిల్లు పెట్టి, చర్చ జరిపి, రాజముద్ర వేయించి మరీ కబ్జా చేయడం మన రియల్ ఎస్టేట్ మహానుభావులకు ఇంకా చేతకాలేదు.

ఆవు పోయింది, పుల్లలు పోయాయి, రోజుకూలి ఒక్కటే మిగిలింది. నూర్పిడి యంత్రాలొచ్చి చలికాలంలో దొరికే ఆ కాస్త పనికీ ఎసరు పెట్టేసరికి 1830లో కెంట్‌లో మొదలైన అల్లరి ససెక్స్, హాంప్‌షైర్, విల్ట్‌షైర్ దాకా పాకింది. కూలీలు యంత్రాలు విరగ్గొట్టారు, వాములు తగలబెట్టారు, 'కెప్టెన్ స్వింగ్' అనే లేని నాయకుడి పేరుతో భూస్వాములకు బెదిరింపు ఉత్తరాలు రాశారు. 19 మందిని ఉరి తీశారు. దాదాపు 500 మందిని ఆస్ట్రేలియా వైపు ఓడ ఎక్కించారు. నాలుగేళ్లకు డోర్సెట్‌లోని టోల్‌పడల్ అనే ఊళ్లో, వారానికి ఏడు షిల్లింగుల కూలిని ఆరు చేస్తామంటే ఆరుగురు కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. కాబట్టి రహస్యంగా ప్రమాణం చేయించారన్న నేరాన్ని పాత చట్టంలోంచి తవ్వి తీసి, వాళ్లనూ అదే దిక్కుకు పంపారు. కెంట్, ససెక్స్, హాంప్‌షైర్, విల్ట్‌షైర్, డోర్సెట్. ఈ పేర్లు కాస్త జ్ఞాపకం పెట్టుకుని కాటేజీల బ్రోచరు తెరవండి. విషయసూచిక చదివినట్టే ఉంటుంది.

పోనీ ఉన్న ఆ చెమ్మగోడల కొంపయినా తనదా అంటే అదీ కాదు. చాలాచోట్ల ఇల్లు పని ఇచ్చే ఆసామిది. పని పోతే ఇల్లు ఖాళీ చేయాలి. ఆసామి దయ మీద కాకుండా చట్టం మీద ఆధారపడి ఆ ఇంట్లో ఉండే హక్కు కూలీకి 1976లో గాని గట్టిపడలేదు. ఈలోగా ట్రాక్టరొచ్చింది, కంబైన్ వచ్చింది, కూలీ పట్నం పోయాడు. ఇల్లు మాత్రం సున్నం కొట్టించుకుని, కొళాయిలు పెట్టించుకుని, గుమ్మం పక్క గులాబీ తీగ పాకించుకుని, పెళ్లికూతురిలా ముస్తాబై కూర్చుంది. వాడికి సిగ్గుచేటైన లేమి మనకు అలంకారమైంది.

ఉన్నవాళ్లకు ఈ గుడిసె మోజు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్ 1783లో వెర్సాయ్ తోటలో ఒక బొమ్మ పల్లెను కట్టించడం మొదలుపెట్టి, కొత్త గోడలు పాతగా కనపడాలని వాటి మీద బీటలు గీయించుకుంది. తర్వాత పదేళ్లకు ఆవిడ తలకు ఏం జరిగిందో బడిపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషువాళ్లు ఆ కథలో గుడిసెను ఉంచుకుని గిలెటిన్‌ను వదిలేశారు. లండన్‌లో బకింగ్‌హామ్ రాజభవనాన్ని తీర్చిదిద్దిన జాన్ నాష్ గారే, 1811 ప్రాంతంలో బ్రిస్టల్ దగ్గర ఒక బ్యాంకరు కోసం, పని మానేసిన నౌకర్లు ఉండడానికి తొమ్మిది కాటేజీలు కట్టాడు. ఒకదానిలా ఒకటి ఉండదు. బ్లేజ్ హామ్లెట్ అంటారు. చూడముచ్చటగా ఉంటాయి, పొగగొట్టాలు చూస్తే కింద రాజుగారి వంట జరుగుతోందేమో అనిపిస్తుంది. సరిగ్గా అదే 1811లో జేన్ ఆస్టిన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' వచ్చింది. అందులో రాబర్ట్ ఫెరార్స్ అనే షోకిల్లా రాయుడు ఒకడుంటాడు. తండ్రి పోయి, పెద్ద ఇల్లు చేజారి, నిజంగానే కాటేజీలో సర్దుకుంటున్న అమ్మాయి ఎదుట కూర్చుని కాటేజీ అంటే తనకెంత ఇష్టమో ఊదరగొడతాడు. భవనానికి నక్షాలు గీయించుకున్న ఒక ప్రభువుకు వాటిని నిప్పుల్లో పారేసి కాటేజీ కట్టుకోమని సలహా ఇచ్చానంటాడు. ఆ అమ్మాయి అన్నిటికీ ఔననేస్తుంది. వాడితో వాదించడం దండగని ఆవిడకు తెలుసు. రెండు వందల ఏళ్లుగా ఆ రాబర్ట్ వంశం వర్ధిల్లుతోంది. ఇప్పుడు వాడికి ఇన్‌స్టాగ్రాం కూడా ఉంది.

ఇక బుక్ చేసిన ఇంటికి వెళదాం. గోడకు బిగించిన చిన్న ఇనుప డబ్బా, దానికి అంకెల తాళం, అంకెలు కలిపితే లోపల తాళంచెవి. ఆతిథ్యమంతా ఆ డబ్బాయే. మనిషి కనపడడు. యజమాని ఏ లండన్‌లోనో ఉంటాడు. వంటింటి బల్ల మీద స్వాగత బుట్ట: రెండు స్కోన్లు, జామ్, గడ్డ మీగడ, అరలీటరు పాలు. మీగడ ముందు రాయాలా జామ్ ముందు రాయాలా అన్నదాని మీద డెవన్, కార్న్‌వాల్ జిల్లాల మధ్య తరాల నాటి వైరం ఉంది కాబట్టి, ఆ బుట్టతో పాటు ఒక పక్షం కూడా వహించాలి. పక్కనే దళసరి ఫైలు. నిరాడంబర జీవితం ఎలా గడపాలో అందులో ప్లాస్టిక్ కాగితాల్లో పెట్టి ఉంటుంది. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకుకు కలిపి ఉంది కాబట్టి అందులో ఏం వేయకూడదో ఒక పేజీ. గాజు సీసాలు ఏ డబ్బాలో, అట్టముక్కలు ఏ డబ్బాలో, మిగిలిన అన్నం ఏ డబ్బాలో అన్నది రెండు పేజీలు. తడి కట్టెలు పొయ్యిలో పెట్టరాదు. గొర్రెలు కనపడితే కుక్కను వదలరాదు. గేటు ఎలా ఉంటే అలాగే ఉంచి వెళ్లాలి. సాయంత్రం నాలుగుకు రావాలి, పొద్దున పదికి ఖాళీ చేయాలి. పని పోయిన కూలీకి ఆసామి కూడా ఇన్ని షరతులు చెప్పి ఉండడు. పొమ్మన్నాడంతే.

మనవాళ్ల సంగతి ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే పక్షపాతం అంటారు. రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా ఈ జ్వరానికి లొంగి చాలా కాలమైంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పెడతారు. నాలుగు కుటుంబాలు, రెండు కార్లు, ఒక వ్యాను. గడ్డి కప్పు ఫోటో చూసి అందరూ గుండె గుర్తులు పెడతారు. వీళ్ల తాతలు ఆ గడ్డి కప్పు కిందినుంచి బయటపడడానికి ఎన్ని పాట్లు పడ్డారో! వేసవిలో ఒక్క నిప్పురవ్వ ఎగిరితే పేటంతా బూడిదవుతుందని, వానాకాలం కారే చోటల్లా గిన్నె పెట్టలేక, ఒక తరం పొదుపు చేసి పెంకు వేసింది, తరవాతి తరం అప్పుచేసి డాబా పోసింది, ఆ తరవాతి తరం ఆ డాబాను బ్యాంకులో కుదువపెట్టి కొడుకును ఎమ్మెస్సుకు లండన్ పంపింది. ఆ కొడుకు ఇప్పుడు మూడు రాత్రులకు వెయ్యి పౌండ్ల పైచిలుకు పోసి మళ్లీ గడ్డి కప్పు కింద పడుకుంటున్నాడు. వీడియో కాల్‌లో చూపిస్తే ఊళ్లో నాయనమ్మకు ముందు అర్థం కాదు. అర్థమయ్యాక "అయ్యో, ఉజ్జోగం పోయిందా నాయనా?" అంటుంది.

పల్లె ప్రశాంతత మొదటి సాయంత్రమే ముగుస్తుంది. పులిహోరలో పోపుకు ఎండుమిర్చి పడగానే రెండు వందల ఏళ్ల దూలానికి బిగించిన పొగ అలారం లోయంతా వినపడేలా అరుస్తుంది. ఒకాయన కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతుంటాడు, ఒకావిడ కిటికీ తీయబోతే అది తెరుచుకోదు (పాతకాలపు సొగసు), పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతుంటారు. ఇందులో నాకు తప్పేమీ కనపడదు. ఆ ఇల్లు కట్టిన నాటినుంచి ఆ పొయ్యి మీద అంత రుచిగల పదార్థం ఉడికి ఉండదు.

అభ్యంతరం మర్నాడు పొద్దున్నది. అడవిలో దారి ఉంది. దారి పక్క తాడు ఉంది. తాడుకు బోర్డు ఉంది: దారి తప్పి నడవవద్దు, పూలు తొక్కవద్దు. ఆరునెలల వీసా మీద వచ్చిన అత్తగారు మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని, కింద ట్రెక్కింగు బూట్లు వేసుకుని నిలబడ్డారు. కోడలి చేతిలో ఫోను. "అత్తయ్యా, కొంచెం లోపలికి వెళ్లండి." ఆవిడ రెండడుగులు వేసింది. "ఇంకొంచెం. అమ్మో, తాడు ఫ్రేములోకి వస్తోంది. ఆ మధ్యలో కూర్చోండి, చుట్టూ పూలు పడాలి." "బురదే తల్లీ, చీర..." "ఉతికిద్దాం లెండి, కూర్చోండి." కూర్చుంది. లేచాక అక్కడ ఒక గోనెసంచీ ఈడ్చినంత మేర నీలం పోయి నల్లగా మిగిలింది. పక్కనే అసలు సిసలు ఇంగ్లీషు జంట ఒకటి, మెడకు రుమాలు కట్టిన ఉంగరాల జుట్టు కుక్కను పూల నడుమ కూర్చోబెట్టి, అది కెమెరా వైపు చూడాలని పక్షిలా కూస్తోంది. మరో చోట వెదురుబుట్టలో పసిబిడ్డ. తెల్లగౌను, పూలకిరీటం, అద్దెకు తెచ్చిన ఫోటోగ్రాఫరు. బోర్డు చదవడం రాని జాతి అంటూ ఒకటి లేదని, ఈ విషయంలో సర్వమానవ సౌభ్రాతృత్వం వెల్లివిరుస్తోందని ఆ పది గజాల్లోనే తేలిపోయింది.

తొక్కితే ఏమవుతుంది, పువ్వే కదా అనుకుంటారు. పోయేది పువ్వు కాదు, ఆకు. నలిగిన ఆకు వెలుతురును తిండిగా మార్చలేదు, గడ్డకు ఆ ఏడు పస్తు. విత్తనం పడి, మొలిచి, గడ్డ ఊరి, మొదటి పువ్వు పూయడానికి అయిదేళ్లు, ఒక్కోసారి ఏడేళ్లు పడుతుంది. ఒక్క ప్రొఫైల్ ఫోటోకు ఏడేళ్ల కాపురం పోయిందన్నమాట. లండన్‌కు వాయవ్యాన ఆష్‌రిడ్జ్ ఎస్టేటులో డాకీ వుడ్ అని ఒక అడవి ఉంది. అక్కడి తొక్కిడి భరించలేక ఆ అడవిని చూసుకునే నేషనల్ ట్రస్టు పూల వారాంతాల్లో టికెట్టు పెట్టింది. పెట్టగానే కొందరికి కోపమొచ్చింది: ప్రకృతికి టికెట్టేమిటని. పార్కింగుకూ, కాఫీకీ, కుక్కకు రాత్రికింత చొప్పున కాటేజీవాడికీ గొణక్కుండా కట్టినవాళ్లే, అడవి తన వాటా అడిగేసరికి సోషలిస్టులైపోయారు.

"చెయ్యి పడని ప్రకృతి" అన్నది మరో అబద్ధం. ఆ అత్తగారి వెంట వచ్చిన మామగారు గోదావరి జిల్లా రైతు. ఆయన పూల వైపు చూడనేలేదు, మరుగుదొడ్డి ఎంత దూరమని రెండుసార్లు అడిగి, ఆ తర్వాత చెట్ల మొదళ్ల వైపు చూసి, "వీటిని ఎవరో మొదలంటా నరుకుతూ వచ్చారే, ఒక్కో మోడుకు ఇన్నేసి పిలకలున్నాయి" అన్నారు. అవును. హేజెల్ చెట్టును కొన్నేళ్లకోసారి మొదలంటా కొట్టేస్తే పిలకలు వేస్తుంది. ఆ బద్దలతో గొర్రెల దొడ్లకు తడికలు అల్లేవారు, బొగ్గు కాల్చేవారు. చిల్టర్న్ కొండల్లోనయితే బీచ్ చెట్ల నీడనే కూర్చుని కుర్చీకాళ్లు చిత్రిక పట్టి హై వికూంబ్ కార్ఖానాలకు పంపేవారు. అలా నరికిన చోటల్లా నేల మీద వెలుతురు పడేది, పడిన చోటల్లా బ్లూబెల్ విరగబూసేది. పువ్వుకూ పనుండేది. దాని జిగురుతో బాణాలకు ఈకలు అంటించారని, పుస్తకాలు బైండు చేశారని, మొదటి ఎలిజబెత్ రాణి కాలపు దొరల మెడపట్టీలకు దాని గడ్డలతో గంజి పెట్టారని చెబుతారు. అంటే మనం పవిత్రమైన వనమనుకుని గుసగుసగా మాట్లాడుతూ నడుస్తున్నది ఒకనాటి కార్ఖానా. కూలీ వెళ్లిపోయాడు, గొడ్డలి వెళ్లిపోయింది, పువ్వు మిగిలింది. పువ్వుకు కూలి ఇవ్వక్కర్లేదు కాబట్టి బ్రోచరు మీద దాని బొమ్మే వేశారు.

1600 నాటినుంచీ ఎడతెగకుండా అడవిగా ఉన్నదాన్ని ఇంగ్లండ్‌లో ప్రాచీన అడవి అంటారు. మన నెత్తికి ఈస్టిండియా కంపెనీ పట్టా రాసిన సంవత్సరమే. ఆ తర్వాత ఎక్కడెక్కడి టేకూ వీళ్ల ఓడలకు ఎక్కిందో మనకు తెలుసు. ఇంటి దగ్గర మాత్రం ప్రాచీన అడవి బ్రిటన్ మొత్తం నేలలో రెండున్నర శాతానికి వచ్చింది. చట్టం లేక కాదు. 1981 వన్యప్రాణి చట్టం కింద అడవి బ్లూబెల్‌ను పెకలించడం నేరం, 1998 నుంచి అమ్మడమూ నేరం, గడ్డకు 5,000 పౌండ్ల దాకా జరిమానా అంటారు. గడ్డ తవ్వితే ఇంత. అడవినే తవ్వితే? దానికి జరిమానా ఉండదు, టెండరు ఉంటుంది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు కాస్త తొందరగా చేర్చే హెచ్ఎస్2 రైలు కోసం ప్రాచీన అడవుల ముక్కలు కోశారు. 2015లో ఇంగ్లండ్ మొత్తానికి మేటి చెట్టని ఓట్లేసి ఎన్నుకున్న కబింగ్టన్ పియర్ చెట్టును, రెండున్నర శతాబ్దాల దాన్ని, 2020 అక్టోబరులో పడగొట్టారు. పోయిన అడవికి బదులుగా అక్కడి మట్టిని తవ్వి లారీల్లో వేరేచోటికి తరలించి పరిచారు. శవాన్ని మార్చి పడుకోబెడితే లేచి కూర్చుంటుందన్న నమ్మకం. 2023లో ఆ రైలు ఉత్తరపు కొమ్మను ప్రభుత్వం రద్దు చేసుకుంది. చెట్టు మాత్రం రద్దు కాలేదు, పడిపోయింది.

ఇంత జరిగినా స్వదేశీ పువ్వును కాపాడాలంటూ పల్లెల్లో చర్చ పెడితే ముందుగా దొరికే దోషి స్పెయిన్ బ్లూబెల్. 17వ శతాబ్దంలో తోటల్లోకి తెచ్చుకున్నది. దిట్టమైన కాడ, తల వాల్చదు, సువాసన తక్కువ, కంచె దాటి అడవి వైపు వచ్చి స్థానిక పువ్వుతో సంకరమవుతోందని ఫిర్యాదు. తెచ్చుకున్నది వీళ్లే, నాటుకున్నది వీళ్లే. మూడు వందల ఏళ్లు గడిచినా ఇంకా విదేశీయే. ఐఎల్ఆర్ (శాశ్వత నివాసానికి అనుమతి) కోసం ఏళ్లు లెక్కపెట్టుకుంటున్న మన కుర్రాళ్లు ఈ సంగతి ఒకసారి గమనించాలి.

ఊళ్లోకి వద్దాం. అందమైన ఊరు. ఎర్ర టెలిఫోన్ డబ్బా ఉంది. కంపెనీ దాన్ని ఒక్క పౌనుకు ఊరికి అమ్మేసింది, ఇప్పుడు అందులో గుండె ఆగినవాడికి షాకిచ్చే యంత్రం పెట్టారు. పిలవడానికి డాక్టరు దగ్గర్లో లేడు కాబట్టి ఫోనుతో పనేముంది? బడి మూతపడి కాటేజీ అయింది, పేరు 'పాత బడి'. తపాలా కార్యాలయం మూతపడి కాటేజీ అయింది, పేరు 'పాత తపాలా'. కమ్మరి కొలిమిదీ అదే గతి. ఏది చచ్చిపోతే దాని పేరు గుమ్మం మీద పలక కట్టి వేలాడదీస్తారు. నవంబరు సాయంత్రం వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే దీపం వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

శనివారం పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకూ మధ్య మాత్రం ఊరికి ప్రాణమొస్తుంది. ఒక పాత చిన్న కారు ఆగుతుంది. వెనక సీటులో వాక్యూం, ఉతికిన దుప్పట్ల మూటలు, బకెట్లు. దిగినావిడ ఆరు గంటల్లో మూడు ఇళ్లు ముగించాలి. హాట్ టబ్బులో తేలుతున్న ఎండుటాకులూ, ఎవరివో పట్టీలూ తీయాలి. కట్టెలపొయ్యి బూడిద ఎత్తాలి. పొయ్యి వెనక గోడ మీద మనవాళ్ల పసుపు మరక తుడవాలి. అది పోదని మనకు తెలుసు, ఆవిడకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. తర్వాత వచ్చే బృందానికి స్కోన్లు రెండు పెట్టి, ఇనుపడబ్బాలో తాళంచెవి పెట్టి, పాతిక మైళ్ల దూరంలోని కౌన్సిల్ ఫ్లాటుకు వెళ్లిపోతుంది. ఒకవేళ ఆవిడ ముత్తాత ఆ మూడిళ్లలో ఒకదాంట్లో పుట్టి ఉంటే, ఆ సంగతి ఫైలులో 'ఇంటి చరిత్ర' పేజీకి ఎంత శోభనిచ్చేది! ఆవిడ అడ్రసే దానికి అడ్డం.

స్థానికులు ఊరుకోలేదు. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టే ఇళ్లలో ఏడాది పొడుగునా కాపురముండేవాళ్లే ఉండాలని తీర్మానించారు. యార్క్‌షైర్ ఒడ్డున విట్బీలో 2022లో నూటికి తొంభైమందికి పైగా అదే మాట అన్నారు. వేల్స్‌లో అంతకు ముందే 1979 నుంచి పుష్కరం పాటు కొందరు ఖాళీ సెలవుల ఇళ్లను రాత్రిళ్లు తగలబెట్టారు. నేను దాన్ని సమర్థించను, గడ్డి కప్పు గురించి తాతలు చెప్పిన భయం నాకూ ఉంది. యజమానుల తెలివి మరో దారిలో సాగింది. ఇంగ్లండ్‌లో ఏడాదికి 70 రాత్రులు అద్దెకు పోయిందని చూపిస్తే ఇల్లు ఇల్లు కాదు, వ్యాపారం. ఇల్లు కాదు కాబట్టి ఇంటి పన్ను లేదు. చిన్న వ్యాపారం కాబట్టి చాలా వాటికి వ్యాపారపు పన్నూ లేదు. అద్వైతంలో కూడా ఇంత సులువుగా రెండూ లేకుండా పోవు. వేల్స్ ప్రభుత్వం ఆ గీతను 182 రాత్రులకు పెంచితే గగ్గోలు పుట్టింది. 2025 ఏప్రిల్‌లో సెలవుల ఇళ్లకున్న ప్రత్యేక ఆదాయపన్ను రాయితీలు తీసేసినప్పుడు మరోసారి పుట్టింది. మేము లేకపోతే పల్లె బతుకుతుందా అని వాళ్ల ప్రశ్న. పల్లె సమాధానం చెప్పడానికి ముందు పల్లెలో ఎవరైనా ఉండాలి.

విమర్శ చేసేవాడు ప్రత్యామ్నాయం చూపాలంటారు. చూపిస్తాను. జనం కోరేది అసలైన పల్లె అనుభవమే అయితే, దాన్ని సగంలో ఎందుకు ఆపాలి? 'కూలీ ప్యాకేజీ' పెట్టండి. చెక్-ఇన్ సాయంత్రం నాలుగుకు కాదు, తెల్లవారుజామున నాలుగుకు. హాట్ టబ్బు బదులు రేకు తొట్టి, వంతు అందరికంటే ఆఖరిది. రోజంతా చేలో రాళ్లు ఏరడం, టర్నిప్ దుంపలు పీకడం. తిండికి రొట్టె, బంగాళదుంపలు, ఆదివారం ఒక పంది కొవ్వు ముక్క; శాకాహారులకు ఆ ముక్కా ఉండదు. వారానికి ఏడు షిల్లింగులు, మధ్యలో ఆరు చేసే అధికారం యాజమాన్యానిది. సాయంత్రం నీలిపూల అడవిలో విహారం ఉచితం, అయితే పుల్ల ఏరితే మేజిస్ట్రేటు ముందు హాజరు, మేజిస్ట్రేటుగా ఇంటి ఓనరుగారే కూర్చుంటారు. చెక్-అవుట్ వేళ ముందుగా చెప్పరు. ఆసామికి కోపమొచ్చినప్పుడు.

మరింత గాఢమైన అనుభవం కోరేవారికి ప్రీమియం ప్యాకేజీ. రెండో రాత్రి కట్టెల పొయ్యి ముందు ఆరుగురు కూర్చుని సంఘం పెట్టుకుని ప్రమాణం చేస్తారు. మర్నాడు అరెస్టు, విచారణ, శిక్ష, ఆస్ట్రేలియాకు ఓడ. ప్రయాణ ఖర్చులన్నీ ప్రభుత్వానివే. దీనికి ఇంగ్లీషువాళ్లలో ఎంత గిరాకీ ఉంటుందో చెప్పలేను గాని, మన వాట్సాప్ గ్రూపులో పెడితే అరగంటలో నిండిపోతుంది. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: శిక్ష పూర్తయ్యాక పీఆర్ గ్యారంటీయేనా, డిపెండెంట్లకు కూడా ఓడలో చోటుందా అని.